పొడి అక్షరాలు

ముప్పై ఒక్కేళ్లు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉత్పలమాలకు ఏ గణాలో, బహువ్రీహికి విగ్రహవాక్యం ఎలా చెప్పాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటిదాన్ని, రెండంటే రెండు ఇంగ్లీషు అక్షరాలు చదవడం చేతకాక మావారి ప్రాణం మీదికి తెచ్చాను.

2022 సంక్రాంతి వెళ్లిన వారం. ఆయనకు ఇరవై ఏళ్లుగా షుగరు, దాని వెనకాలే బీపీ. కాళ్ల వాపులు, ఆయాసం ఎక్కువైతే గుంటూరు తీసుకెళ్లాం. కిడ్నీ డాక్టరుగారు రిపోర్టులన్నీ చూసి ఫైలు మూసేసి, "ఇక డయాలసిస్ మొదలుపెట్టేద్దామండీ" అన్నారు. మాది తెనాలి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే ఆరింటి బస్సుకు బయల్దేరడం, నాలుగు గంటలు మెషీను పక్కన కూర్చోవడం, మధ్యాహ్నం ఎండలో తిరిగి రావడం. మా జీవితానికి కొత్త టైంటేబుల్ వచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు మూడు పేజీల కాగితం చేతిలో పెట్టారు. తొమ్మిది రకాల మందులు. ప్రతిదాని పక్కనా ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్, ఎస్‌వోఎస్ అని పొడి అక్షరాలు. మావారు ట్రెజరీలో పనిచేసిన మనిషి కదా, టీడీఎస్ చూడగానే, "మాత్రలకు కూడా ఇన్‌కంటాక్సు కోత వేశారేమిటి?" అన్నారు. నాకేమో హెచ్ఎస్ అంటే హైస్కూలు. మందుల షాపు అబ్బాయిని అడిగి ఓడీ అంటే రోజుకొకటి, బీడీ అంటే రెండు, టీడీఎస్ అంటే మూడు, హెచ్ఎస్ అంటే పడుకోబోయే ముందు అని రాసుకున్నాను. ఒక్క లైను మాత్రం అడగలేదు. బీపీ మాత్ర పక్కన 'ఓడీ, నాన్ హెచ్‌డీ డేస్' అని ఉంది. అది నాకే అర్థమైందనుకున్నాను. హెచ్‌డీ అంటే హాలిడే! నాన్ హాలిడే అంటే పనిదినాలు. వారానికి ఒక్కరోజు ఒంటికి మాత్ర నుంచి విశ్రాంతి ఇమ్మంటున్నారు కాబోలు అని నాకు నేనే వ్యాఖ్యానం కూడా రాసేసుకున్నాను. టీచరు బుర్ర కదా, సెలవుల చుట్టూనే తిరుగుతుంది. క్యాలెండరు మీద ఆదివారాలకు సున్నా చుట్టి, మిగతా ఆరు రోజులూ పొద్దున్నే కాఫీ తాగిన వెంటనే ఆ మాత్ర వేశాను. రాసినట్టే చేస్తున్నానని గర్వం కూడా.

మూడో వారం బుధవారం. మెషీను పెట్టి గంటన్నర అయిందేమో, మావారు ఆవులించడం మొదలుపెట్టారు. నిద్ర వస్తోందేమో అనుకున్నాను. చూస్తూండగానే ఒళ్లంతా చెమట. పిక్కలు పట్టేశాయని మూలిగారు, వాంతి చేసుకున్నారు, కళ్లు పైకి పోయాయి. సిస్టరు పరుగెత్తుకొచ్చి మంచం తలవైపు దించి, కాళ్లు ఎత్తి, సెలైన్ వదిలింది. బీపీ 80కి 50 ఉంది. నేను ఆయన పాదాలు రుద్దుతూ నిలబడ్డాను, నా చేతులే ఆయన పాదాలకన్నా చల్లగా ఉన్నాయి.

కాస్త తేరుకున్నాక సిస్టరు అడిగింది.

"పొద్దున బీపీ మాత్ర వేశారా మేడం?"

"వేశానమ్మా, మీరు రాసిచ్చినట్టే."

"హెచ్‌డీ రోజు వెయ్యొద్దని రాశాం కదా!"

"ఇవాళ హాలిడే కాదు కదమ్మా!"

గదిలో పన్నెండు మంచాలున్నాయి. పన్నెండు మెషీన్ల చప్పుడు తప్ప ఒక్క నిమిషం ఇంకేం వినపడలేదు. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. సిస్టరు మాత్రం నవ్వలేదు, పాపం. "హెచ్‌డీ అంటే హీమోడయాలసిస్ మేడం. నెత్తుటిని మెషీన్‌లో శుద్ధి చెయ్యడం. మీరిక్కడికి వచ్చేదే దానికి" అంది. మెషీను ఎలాగూ ఒంట్లోంచి నీరు లాగుతుంది, దాంతో బీపీ తగ్గుతుంది, పైనుంచి మాత్ర కూడా పడితే మరీ పడిపోతుంది. అందుకని ఆయనకు డయాలసిస్ రోజున ఆ మాత్ర ఆపారు. (అందరికీ ఇలాగే ఉండదు. కొందరికి ఆ రోజు కూడా వెయ్యమంటారు. ఎవరి సంగతి వాళ్ల డాక్టరే చెప్పాలి.) నేను వెయ్యొద్దన్న మూడు రోజులూ వేశాను, వెయ్యమన్న ఆదివారం మానేశాను. తప్పు చేసినా కాస్త పొదుపుగా చెయ్యలేదు.

ఆ సాయంత్రం బస్సులో ఆయన నా భుజం మీద తల వాల్చి, "హాలిడే ఏమిటే" అని ఒక్కసారి నవ్వి నిద్రపోయారు. నాకు మాత్రం తెనాలి వచ్చేదాకా కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది.

* * *

శుక్రవారం వెళ్లేసరికి నా సంగతి డయాలసిస్ సెంటరంతా పాకింది. పక్క మంచం పెద్దాయన నన్ను పిలిచారు. డెబ్భై దాటిన మనిషి, అప్పటికి ఏడేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. తంతి తపాలా శాఖలో పనిచేశారట. అందరూ ఆయన్ని టెలిగ్రాఫ్ బాబాయిగారు అంటారు.

"అమ్మాయ్, సిగ్గుపడకు. నేను మొదట్లో ఎన్‌పీవో అని రాస్తే, హెడ్ పోస్టాఫీసును జీపీవో అంటాం కదా, ఇదేదో కొత్త పోస్టాఫీసు అనుకున్నాను. నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని దానర్థం. ఆపరేషన్ ముందు ఇడ్లీలు తినేసి కూర్చున్నా" అన్నారు. "మా టెలిగ్రాఫుకి మాటకింత అని డబ్బు. అందుకని కుదించేవాళ్లం. వీళ్లకు డబ్బు కాదు, టైము. కుదింపు ఒకటే."

రెండో ఆదివారం రమ్మన్నారు. నెలకోసారి ఆ సెంటరులో డయాలసిస్ చేయించుకునేవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు ఒక గ్రంథాలయం వెనక గదిలో కలుస్తారు. ఇరవై, ముప్పై మంది. పేరూ లేదు, బోర్డూ లేదు. మరమరాలు, ఒక్కొక్కరికి కొలిచినట్టు అరగ్లాసు టీ.

మొదటిరోజు అక్కడ కూర్చుంటే పరాయి దేశంలో దిగినట్టుంది. మన తెలుగే, మన గుంటూరు యాసే, కానీ ఒక్క ముక్క అంతుపట్టదు. "నా హెచ్‌బీ ఎనిమిదికి పడిందన్నా, ఈపీవో పెంచారు." "నీ ఏవీఎఫ్ మెచ్యూరయిందా?" "నిన్న యూఎఫ్ మూడున్నర తీశారు, కాళ్లు పీకేశాయి." పూలకొట్టు నడిపే ఒకావిడ, వేలిముద్ర వేసే మనిషి, భర్త కోసం వస్తుంది. ఆవిడ గడగడా, "మా ఆయనకి కేటీవీ ఒకటీ పాయింట్ ఒకటే వచ్చింది, ఒకటీ పాయింట్ రెండన్నా ఉండాలంట, ఇంకో అరగంట పెట్టమని అడగాల" అంటోంది. శుద్ధి సరిపోయినంత జరిగిందో లేదో చెప్పే లెక్క అది. తమిళ సినిమాల చానెలు కాదని తెలియడానికి నాకు ఇంకో నెల పట్టింది.

ఆ గదిలో నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. మొదటిది, చదువుకీ దీనికీ సంబంధం లేదు. అడగడానికి మొహమాటపడనివాళ్లకి వచ్చేస్తుంది, నాలాంటి పండితులకి రాదు. రెండోది, ఈ అక్షరాలు తెలియక ఒక్కొక్కరూ ఒంటరిగా పడ్డ బాధ.

కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి కథ చెప్పింది. భర్త రిపోర్టులో 'హెచ్ఐవీ' అని కనపడింది. దాని పక్కన 'ఎన్ఆర్'. ఎన్ఆర్ అంటే నో రికవరీ అయుంటుందని తమ్ముడు చెప్పాడట. నాలుగు రోజులు భర్తతో మాట్లాడలేదు, అన్నం సరిగా తినలేదు. పుట్టింటికి వెళ్లిపోదామని సంచి సర్దుకుంది. ఎన్ఆర్ అంటే నాన్ రియాక్టివ్, అంటే పరీక్షలో ఆ జబ్బు జాడ కనపడలేదని. డయాలసిస్‌కు వచ్చే ప్రతివాళ్లకీ హెచ్ఐవీ, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేస్తారు. ఒకరి రక్తం నుంచి ఇంకొకరికి అంటుకోకుండా జాగ్రత్త అది. అనుమానం ఉండి చేసింది కాదు. మంచి కబురే అక్కడ రాసి ఉంది, చదవడం తెలియక చెడ్డ కబురైంది. ఆ అమ్మాయి చెబుతుంటే భర్త పక్కనే కూర్చుని నవ్వుతున్నాడు. ఆ నాలుగు రోజులూ తనేం తప్పు చేశాడో అతనికి తెలియదుగా.

ఇంకొకాయన తనకు రెండు కిడ్నీ జబ్బులున్నాయని ఏడాదిపాటు నమ్మాడు. పాత కాగితాల్లో సీఆర్ఎఫ్, కొత్త కాగితాల్లో సీకేడీ. కిడ్నీ చెడిపోవడాన్ని వెనక క్రానిక్ రీనల్ ఫెయిల్యూర్ అనేవాళ్లు. 2002లో అమెరికా కిడ్నీ ఫౌండేషన్‌వాళ్లు ఆ జబ్బును అయిదు దశలుగా విడగొట్టి క్రానిక్ కిడ్నీ డిసీజ్ అన్నారు, ఆ పేరు స్థిరపడింది. ఆయన డాక్టరు మాత్రం పాత అలవాటు మానుకోలేదు.

ఉద్దానం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. కూతురు గుంటూరులో ఉంటే ఇక్కడే ఉండి డయాలసిస్ చేయించుకునేవారు. ఆయన కాగితంలో సీకేడీ తర్వాత చిన్న యు అక్షరం ఒకటి ఉండేది. అందరికీ లేని ఆ తోక నాకే ఎందుకని ఆయన అడిగితే, బాబాయిగారు కాసేపు ఆగి చెప్పారు. "యు అంటే అన్‌నోన్. కారణం తెలియదని." షుగరు లేదు, బీపీ లేదు, అయినా శ్రీకాకుళం జిల్లా ఆ తీరప్రాంతంలో ఊరూరా కిడ్నీలు పోతున్నాయి. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, ఇదీ అని ఇంతవరకు తేలలేదు. 2023లో పలాసలో దానికోసమే పరిశోధన కేంద్రం, ఆస్పత్రి పెట్టారు. ఆ పెద్దాయన విని, "మా ఊళ్లో ఎంతమందిని మోసుకెళ్లాం బాబూ, ఇంత చిన్న అక్షరమా!" అన్నారు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషి. పొటాషియం పెరుగుతుందని ఆయన్ని కొబ్బరినీళ్లు ముట్టుకోవద్దన్నారు. పొటాషియానికి రిపోర్టులో కె అని ఎందుకు రాస్తారన్నది మరో చర్చ. లాటిన్‌లో దాన్ని కేలియం అంటారట. ఆ కె మీద ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచాలి, ఎక్కువైతే గుండెనే ఆపేస్తుంది. మా ఇంటికి చూడ్డానికొచ్చే చుట్టాలందరూ మాత్రం కొబ్బరిబోండాలే తెస్తారు.

* * *

బాబాయిగారి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉండేది. అట్టకి బ్రౌన్ పేపరు. ప్రతి పేజీకి మూడు గళ్లు గీసుకున్నారు. మొదటి గడిలో పొడి అక్షరాలు, రెండో దాంట్లో వాటి పూర్తి ఇంగ్లీషు, మూడో గడి తెలుగుకి. రెండు గళ్లూ నిండిపోయాయి, మూడోది చాలాచోట్ల ఖాళీ. "నువ్వు తెలుగు టీచరువి, ఇది నీ డ్యూటీ" అని నా చేతిలో పెట్టారు.

ఉత్సాహంగా కూర్చున్నాను. ఏవీఎఫ్, ఆర్టీరియోవీనస్ ఫిస్టులా. చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుడతారు, వారాల తరబడి ఆగితే ఆ సిర లావై డయాలసిస్ సూదులకు పనికొస్తుంది. 'ధమనీసిరా సంధానము' అని రాసి గట్టిగా చదివాను. పూలకొట్టావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "టీచరమ్మా, నువ్వు మల్లీ సందులూ సమాసాలూ మొదలెట్టావు. సూదులేసే నరం అని రాయరాదా?" అంది. కొట్టేసి అదే రాశాను. పక్కన ఆవిడ చెప్పిందే ఇంకోటి చేర్చాను: 'ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, ఆ చేతి నెత్తురు తీయనివ్వకూడదు, గాజులు బిగించకూడదు.' మావారి చేతి మీద అక్కడ వేళ్లు ఆనిస్తే పిల్లి గుర్రుపెట్టినట్టు సన్నగా అదురుతుంది. డాక్టరు కాగితంలో 'థ్రిల్ ప్లస్' అని రాస్తారు. ఆ అదురు ఆగితే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూడకపోతే నాకు నిద్ర పట్టదు.

డీడబ్ల్యూ, అంటే డ్రై వెయిట్. మక్కీకి మక్కీగా 'ఎండు బరువు' అని రాస్తే, "ఎండు చేపలకా?" అని ఒకటే నవ్వు. చివరికి 'నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు' అయింది. ఒక డయాలసిస్‌కీ ఇంకోదానికీ మధ్య పెరిగే బరువు ఐడీడబ్ల్యూజీ. మూత్రం రాని మనిషి తాగిన నీరంతా ఒంట్లోనే ఉంటుంది కదా, అది కిలోల్లో కనపడుతుంది. ఉప్పు తింటే దాహం, దాహం వేస్తే నీళ్లు. వేసవిలో సోమవారం పొద్దున నాలుగు కిలోలు పెరిగి వస్తే సిస్టరు మూతి బిగించి, "ఎవరింట్లో పెళ్లండీ? లేక కొత్తావకాయా?" అంటుంది. ఆ రెండూ మానుకుని గుంటూరు జిల్లాలో బతకడం ఎలాగో నోట్‌బుక్కులో ఏ గడిలోనూ లేదు.

మందుల కాగితంలోని అక్షరాలకు వేరే రెండు పేజీలు. ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్ అన్నీ లాటిన్ మాటల ముక్కలు. రోజుకు రెండుసార్లు అనడానికి బిస్ డై అంటే అది బీడీ అయింది. పల్నాడు నుంచి వచ్చే ఒక తాతగారికి ఇది చెబితే, "బీడీలు మానేసి పదేళ్లయిందయ్యా, ఇప్పుడు డాక్టరే రాశాడేంటా అనుకుంటున్నా" అన్నాడు. ఎస్‌వోఎస్ నిజానికి 'సి ఓపుస్ సిట్', అవసరమైతేనే వాడమని. ఓడలు మునిగేటప్పుడు పంపే ప్రమాద సంకేతం అనుకుని, ఆ మాత్ర ఎంతో ముఖ్యమైనదని పూటపూటా వేసినవాళ్లు మా గుంపులో ఇద్దరు తేలారు. బాబాయిగారికి అది మరీ కష్టంగా ఉండేది. టెలిగ్రాఫ్ మనిషి కదా, ఎస్‌వోఎస్ అన్న అక్షరాలు చూస్తే చెయ్యి ఆగదు, బల్ల మీద మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు కొట్టేవారు.

నవ్వులాటలు కానివీ ఉన్నాయి. ఇన్సులిన్ పదికి పక్కన యూనిట్లు అనడానికి యు అని ఒక్క అక్షరం గబగబా రాస్తే అది సున్నాలా కనపడుతుంది. పది కాస్తా వంద. అందుకే అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొడి అక్షరాల జాబితా ఒకటి పెట్టింది, ఆ యు అందులో ఉంది. మన దగ్గర కూడా మెడికల్ కౌన్సిల్ మందుల పేర్లు చదవడానికి వీలుగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో చెప్పింది. మావారి చీటీలో మాత్రం నేను ఇప్పటికీ యు ఉన్నచోట ఎర్ర పెన్నుతో 'యూనిట్లు' అని రాసి, డాక్టరుగారికే చూపించి, అవునా అని అడుగుతాను. పేపర్లు దిద్దిన అలవాటు. మొదట విసుక్కున్నారు. ఇప్పుడు ఆయనే పూర్తిగా రాస్తున్నారు.

అన్నీ అయినా ఒక మాట దగ్గర మూడో గడి ఖాళీగానే వదిలేశాను. ఈఎస్ఆర్‌డీ. మావారి కాగితంలో మొట్టమొదటి లైన్లో ఉన్నదదే. ఎండ్ స్టేజ్ రీనల్ డిసీజ్. రెండో గడి చదివిన రోజునే నోట్‌బుక్కు మూసేశాను. ఇంటికొచ్చి ఆ మొదటి పేజీని ఫైల్లో అన్నిటికన్నా కిందికి తోశాను. ఆయన కంటపడకూడదని. పొడి అక్షరాలుగా ఉన్నంతకాలం అదొక రిపోర్టు. విప్పితే తీర్పులా ఉంది.

మనకూ పొడి అక్షరాలు తక్కువేం కాదు. మా నాన్నగారి ఉత్తరాల్లో పెద్దలకు మ.రా.రా.శ్రీ, పిల్లలకు చి., శుభలేఖల్లో ఆడపిల్లకు చి.ల.సౌ. అందరికీ ఇష్టంగా విప్పి చెప్పేదాన్ని క్లాసులో. ఒక్క కీ.శే. దగ్గర మాత్రం వేగంగా దాటేసేదాన్ని. ఎందుకో అది గుర్తొచ్చింది.

ఓ రోజు మధ్యాహ్నం ఆయన పేపర్లో పదవినోదం పూర్తిచేస్తూ, తలెత్తకుండానే అన్నారు.

"ఆ కాగితం కిందికి తోస్తున్నావు, ప్రతిసారీ నేను మళ్లీ పైకి తెచ్చిపెడుతున్నాను. ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో ఫైళ్లు చూసినవాణ్ణి. మొదటి పేజీ లేని ఫైలు ఎలా కనపడకుండా పోతుందే?"

నాకు నోట మాట రాలేదు.

"ఆఖరి దశ అని నాకు మొదటి వారమే తెలుసు. మా పక్క మంచం ఆయన చెప్పాడు. నువ్వు తట్టుకోలేవని నేనే ఊరుకున్నా."

ఏడాదిన్నర. ఇద్దరం ఒకే కాగితాన్ని ఒకళ్ల కోసం ఒకళ్లం దాచుకుంటూ, తీసుకుంటూ గడిపాం.

ఆ తర్వాతి రెండో ఆదివారం ధైర్యం చేసి బాబాయిగారిని అందరిలోనూ అడిగేశాను. ఆయన నవ్వారు. "ఎవరి ఆఖరి దశ? సరిగ్గా చదువు. రీనల్ అని ఉంది, అంటే కిడ్నీది. మనిషిది కాదు. కిడ్నీ చేసే పని నూటికి పదిహేను పాళ్ల కిందికి పడితే అయిదో దశ అంటారు. దాని పని అది చెయ్యలేనప్పుడు ఇంకోదాని చేత చేయించాలి. మెషీనో, మార్పిడి కిడ్నీయో. తెనాలి నుంచి బస్సెక్కుతావు కదా. ఆఖరి స్టేజీ రాగానే కండక్టరు ఏమంటాడు? దిగమంటాడు. దిగి ఏం చేస్తావు? అక్కడే కూర్చుని ఏడుస్తావా, ఇంకో బండి ఎక్కుతావా?"

పూలకొట్టావిడ, "ఆటో ఎక్కుద్ది" అంది. అందరం నవ్వాం. మావారు కూడా. ఇంటికొచ్చి మూడో గడిలో రాశాను: 'కిడ్నీ ఆఖరి స్టేజీ. ఇక్కడ బండి మారాలి.' డాక్టర్లు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.

* * *

టెలిగ్రాఫ్ బాబాయిగారు పోయిన ఏడాది వెళ్లిపోయారు. గుండె ఆగిపోయింది, నిద్రలో. పెద్దకర్మ కార్డు తెలుగులో సరిచూడమని వాళ్లబ్బాయి నాకు తెచ్చి ఇచ్చాడు. పేరుకు ముందు ఆ రెండక్షరాలు. అచ్చుతప్పులేమీ లేవని చెప్పి పంపించాను. నోట్‌బుక్కు కూడా అతనే ఇచ్చాడు, నాన్న మీకివ్వమన్నారండీ అని. ఎనభై ఆరు పేజీలు. ఆఖరి పేజీలో నా పేరు రాసి, కింద 'హెచ్‌డీ: హాలిడే' అని, దాని మీద అడ్డంగా ఒక గీత.

ఇప్పుడు రెండో ఆదివారాల్లో ఆ పుస్తకం పట్టుకుని కూర్చునేది నేనే. కొత్తగా వచ్చినవాళ్లు కాగితాలు తెచ్చి నా ముందు పెడతారు. ఏ అక్షరాలు చూపించినా టకటకా చెప్పేస్తున్నాను. చెబుతున్నప్పుడు నా గొంతులో పాత క్లాస్‌రూం గొంతు వస్తోందని మావారు ఎద్దేవా చేస్తారు.

మొన్న నెలలో డిగ్రీ చదివే ఒకమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్నకు ఈమధ్యే డయాలసిస్ మొదలైంది. "ఆంటీ, ఈ పీడీ అంటే ఏంటి?" అంది. నేను కళ్లద్దాలు కూడా సర్దుకోకుండా, "పెరిటోనియల్ డయాలసిస్ తల్లీ. మెషీను అక్కర్లేదు. కడుపులోకి సన్న గొట్టం వేసి, మందునీళ్లు ఎక్కించి, ఇంట్లోనే చేసుకోవచ్చు" అని మొదలుపెట్టి, సంచులు ఎలా మార్చాలో, గది ఎంత శుభ్రంగా ఉండాలో వరకూ వెళ్లిపోయాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "అయితే నాన్నని వారానికి మూడుసార్లు తీసుకురానక్కర్లేదా? నేను కాలేజీ మానక్కర్లేదా?"

అప్పుడు కాగితం చేతిలోకి తీసుకున్నాను. పైన డాక్టరు పేరు కింద నరాల వైద్యులు అని ఉంది. కింద 'చేతుల వణుకు, నడక నెమ్మది' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు.

"మీ నాన్నకి చేతులు వణుకుతాయా అమ్మా?"

"ఏడాదిగా వణుకుతున్నాయాంటీ. కిడ్నీ వల్లేమో అనుకున్నాం."

నరాల డాక్టర్లు పీడీ అంటే అది వేరే పేరు. పార్కిన్సన్స్ అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఒక్క నిమిషం క్రితమే ఒకటి ఖాయంగా చెప్పి ఉన్నాను కదా.

"నేను తప్పు చెప్పానమ్మా. ఇది కిడ్నీ డాక్టరు రాసింది కాదు. నాకు తెలియదు" అన్నాను. ఆ పిల్ల మొహంలో వెలుగు తగ్గడం చూడ్డం చాలా కష్టమైంది. రేపు మీ నాన్న డయాలసిస్ ఎన్నింటికని అడిగాను. ఏడింటికట. మాదీ సోమవారమే. ఆయన్ని మెషీను మీద పెట్టాక నువ్వూ నేనూ కలిసి డాక్టరుగారి గదికి వెళ్లి అడుగుదాం, ఆ కాగితం మడత పెట్టకుండా తీసుకురా అన్నాను. సరేనంది. మరమరాలు తినకుండానే వెళ్లిపోయింది.